ఏ4 కాగితమంత కూడా లేని యుద్ధం

న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ సేకరణలో ఒక చిన్న జర్మన్ ప్రింట్ ఉంది. ఎత్తు 19.3 సెంటీమీటర్లు, వెడల్పు 28.8 సెంటీమీటర్లు. రోజూ ప్రింటర్‌లో పెట్టుకునే ఏ4 కాగితాన్ని అడ్డంగా పట్టుకుంటే, బొమ్మ దానికన్నా కాస్త చిన్నదే. పేరు 'స్టుర్మ్‌ట్రుప్పే గేట్ ఉంటర్ గాస్ ఫోర్'. విషవాయువు మాటున ముందుకొస్తున్న దాడి దళం అని అర్థం. చేసినవాడు మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన జర్మన్ చిత్రకారుడు ఒట్టో డిక్స్, సంవత్సరం 1924.

బొమ్మలో ఐదుగురు సైనికులు. అందరి ముఖాలకూ గ్యాస్ మాస్కులు, ఆ మాస్కులు తెల్లగా, కళ్ల దగ్గర మాత్రం నల్లటి గుంటల్లా, ఒక్క క్షణం చూస్తే పుర్రెలే నడిచొస్తున్నాయా అనిపిస్తుంది. ఒంగిన ఒళ్లు, చేతిలో పిడి ఉన్న గ్రెనేడ్, చుట్టూ చిందరవందరగా ముళ్లతీగ, వెనక ఏ వస్తువూ సరిగ్గా ఆనకుండా అలుముకున్న బూడిద రంగు. వాళ్లు పక్కకి పోవడం లేదు, వెనక్కి తిరగడం లేదు, నేరుగా చూస్తున్నవాడి మీదకే వస్తున్నారు.

యుద్ధం గురించి వేసిన బొమ్మలు ప్రపంచంలో కొన్ని వేలు ఉంటాయి. వాటిలో ఈ చిన్న కాగితం వందేళ్లు దాటినా చూసినవాణ్ణి వదలకపోవడానికి కారణం, అందులో ఏముందన్న దానిలో సగమే దొరుకుతుంది. మిగతా సగం దాన్ని చేసిన పద్ధతిలో ఉంది. విషవాయువు గురించిన బొమ్మని డిక్స్ యాసిడ్‌తో చేశాడు. ఆ పద్ధతి పేరే ఆక్వాటింట్. అదేమిటో కాస్త తీరిగ్గా చెప్పుకోకపోతే ఈ ప్రింట్‌ని చూసినా చూడనట్టే అవుతుంది.

ముందు ఎచింగ్ సంగతి. ఒక నున్నటి లోహపు రేకు, రాగిదో జింకుదో, తీసుకుని దాని మీద మైనం లాంటి పూత పూస్తారు. సూదితో ఆ పూత మీద గీస్తే గీసినచోట లోహం బయటపడుతుంది. రేకుని యాసిడ్‌లో ముంచితే, పూత ఉన్నచోట ఏమీ కాదు, గీత ఉన్నచోట యాసిడ్ లోహాన్ని తినేసి సన్నటి కాలువ చేస్తుంది. పూత తుడిచేసి, రేకంతా సిరా రుద్ది, పైపై సిరాని గరుకు గుడ్డతో తుడిచేస్తే కాలువల్లో మాత్రం సిరా మిగులుతుంది. తడిపిన కాగితం పెట్టి, పైన మందపాటి ఉన్ని గుడ్డ కప్పి, రెండు రోలర్ల మధ్య గట్టిగా నొక్కుతూ లాగితే, మెత్తబడిన కాగితం ఆ కాలువల్లోకి దిగి సిరాని పైకి తెచ్చుకుంటుంది. బొమ్మ అద్దంలో చూసినట్టు ఎడమా కుడీ తారుమారై వస్తుంది. ప్రతి కాగితానికీ ఈ సిరా రుద్దడం, తుడవడం, లాగడం మళ్లీ మొదటినుంచీ చేయాల్సిందే, మెషిన్‌లో వందలకొద్దీ కొట్టి పడేసే పని కాదు.

ఇలా వచ్చేవి గీతలు మాత్రమే. ఆకాశం కావాలంటే, పొగ కావాలంటే, సాయంత్రపు మసక కావాలంటే గీతల పక్కన గీతలు వందల కొద్దీ గీసుకుంటూ పోవాలి, అప్పటికీ అది గీతల గుంపులాగే కనిపిస్తుంది. బ్రష్‌తో ఒక్కసారి పులిమితే వచ్చే ఆ పలచటి రంగుపొరని లోహం మీద తెప్పించడానికి కనిపెట్టిన ఉపాయమే ఆక్వాటింట్. పైన్ చెట్టు జిగురు నుంచి వచ్చే రోజిన్‌ని, మన గుగ్గిలంలా గట్టిగా పెళుసుగా ఉంటుంది, మెత్తటి పొడి చేస్తారు. ఒక మూసిన పెట్టెలో ఆ పొడిని గాల్లోకి లేపి, రేకుని లోపల పెట్టి వదిలేస్తే దుమ్ము మెల్లగా దాని మీదకు దిగుతుంది. తర్వాత కింద నుంచి వేడి చేస్తే ఒక్కో రేణువూ కరిగి చిన్న బొట్టులా లోహానికి అంటుకుపోతుంది. ఇప్పుడు యాసిడ్‌లో పెడితే, బొట్టు ఉన్నచోట లోహం బతికిపోతుంది, బొట్ల మధ్య సందుల్లో యాసిడ్ కొరుకుతుంది. కంటికి ఆనని లక్షల గుంటలతో రేకు గరుకుగా తయారై, ఆ గరుకుతనమే సిరాని పట్టి ఉంచి, కాగితం మీద ఒకే పొరలాంటి బూడిద రంగు అవుతుంది.

ఎంత నలుపు కావాలన్నది టైము చేతిలో ఉంది. కొన్ని సెకన్లు ముంచితే పలచటి బూడిద, కొన్ని నిమిషాలు ఉంచితే ముదురు, ఇంకా ఉంచితే మసి. తెల్లగా ఉండాల్సిన భాగాలకి ముందే వార్నిష్ పూసేస్తారు, అక్కడికి యాసిడ్ చేరదు. మొదటి ముంపు అయ్యాక లేత బూడిద చాలనుకున్నచోట మళ్లీ వార్నిష్, మళ్లీ ముంచడం, ఇలా అంచెలంచెలుగా చీకటి లోపలికి దిగుతూ పోతారు. మధ్యలో బొమ్మ ఎలా వస్తోందో పూర్తిగా కనపడదు. అచ్చు తీసి చూస్తేగానీ తెలియదు, ఒకసారి ఎక్కువ కొరికిందంటే వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం. పేరులో 'ఆక్వా' ఉంది కదా అని నీళ్లతో చేసేదనుకుంటారు. నైట్రిక్ యాసిడ్‌కి పాత పేరు ఆక్వా ఫోర్టిస్, బలమైన నీరు అని. రేకుని కొరికేది అలాంటి నీరే.

ఇప్పుడు ఆ ఐదు తెల్లటి మాస్కుల్ని మళ్లీ చూడండి. బొమ్మలో అవి అంత తెల్లగా, దాదాపు కాగితం రంగులోనే ఉన్నాయంటే, రేకు మీద ఆ భాగాలని యాసిడ్ నుంచి కాపాడాలి. యుద్ధభూమిలో మాస్కు ముఖాన్ని వాయువు నుంచి కాపాడింది. రేకు మీద వార్నిష్ ఆ మాస్కుని యాసిడ్ నుంచి కాపాడింది. చుట్టూ ఉన్నదంతా, యూనిఫారాలూ నేలా గాలీ, ఎంతో కొంత యాసిడ్ కొరికినవే. డిక్స్ దీన్ని ఇంత లెక్కగా ఆలోచించి చేశాడో, పద్ధతి దానంతట అదే అక్కడికి తీసుకెళ్లిందో తేల్చక్కర్లేదు. ఫలితం మాత్రం కళ్లముందు ఉంది, యాసిడ్ కొరకని చోటే మనిషి ప్రాణం మిగిలింది, అదీ మనిషి ముఖంలా కనపడకుండా మిగిలింది.

ఈ పోలిక కవిత్వం కోసం లాగినది కాదు, కెమిస్ట్రీలోనే ఉంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం 150 టన్నులకు పైగా క్లోరిన్‌ని సిలిండర్ల నుంచి గాలివాటానికి వదిలింది. ఆ పనిని దగ్గరుండి నడిపించినవాడు రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్. పచ్చగా పసుపుగా ఉన్న ఆ మేఘం నేలని అంటిపెట్టుకుని ఫ్రెంచి, అల్జీరియా సైనికుల కందకాల్లోకి దిగింది. క్లోరిన్ ఊపిరితిత్తుల్లోని తడిని తాకగానే అక్కడే హైడ్రోక్లోరిక్ యాసిడ్, హైపోక్లోరస్ యాసిడ్ పుడతాయి. అంటే మనిషి లోపలే యాసిడ్ కొరకడం మొదలవుతుంది. నాలుగు రోజుల తర్వాత, ఏప్రిల్ 26న, అదే ఈప్ర్ దగ్గర ఎదురుదాడికి దిగిన లాహోర్ డివిజన్‌లోని భారతీయ సైనికులు కూడా ఈ వాయువుకి చిక్కారు. సరైన మాస్కులు అప్పటికి ఎవరి దగ్గరా లేవు. ఆ తర్వాత ఫాస్‌జీన్ అనే మరో విషవాయువు వచ్చింది, 1917 జులై నుంచి చర్మాన్ని కూడా కాల్చే మస్టర్డ్ గ్యాస్ వచ్చింది, సిలిండర్ల బదులు ఫిరంగి గుండ్లలో నింపి వేయడం మామూలైపోయింది.

డిక్స్ ఇదంతా పేపర్లో చదివి తెలుసుకున్నవాడు కాదు. 1891లో జర్మనీలోని గేరా పక్కన ఉంటర్‌మ్‌హౌస్ అనే ఊళ్లో పుట్టాడు. 1914లో యుద్ధం మొదలయ్యేసరికి డ్రెస్డెన్‌లో కళ చదువుతున్న కుర్రాడు, వయసు 22. ఫిరంగి దళంలో శిక్షణ అయ్యాక 1915 శరత్కాలం నుంచి పశ్చిమ రంగంలో మెషిన్ గన్ దళంలో పనిచేశాడు. ఫ్రాన్స్‌లోని షాంపేన్, 1916లో సోమ్, తర్వాత తూర్పు రంగం, మళ్లీ పశ్చిమాన ఫ్లాండర్స్. 1918లో మెడకి గాయమైంది. ఐరన్ క్రాస్ పతకం కూడా వచ్చింది. కందకాల్లో కూర్చునే వందలాది స్కెచ్‌లు గీశాడు. అయినా ఈ ప్రింట్లు చేయడానికి యుద్ధం ముగిశాక ఐదారేళ్లు పట్టింది, ఆ ఆలస్యం చాలా ముఖ్యమైనది. యుద్ధంలో గీసిన స్కెచ్‌లలో పేలుళ్ల వేగం, ఒక రకమైన ఊపు కనిపిస్తాయి. 1924 నాటికి ఆ ఊపు పోయి, మనిషి కళ్లు మూసుకున్నా పోని దృశ్యాలు మిగిలాయి.

ఆ ఐదారేళ్లలో ఆయన రెండు పనులు చేశాడు. ఒకటి, డ్యూసెల్‌డోర్ఫ్‌లో ఉన్నప్పుడు విల్‌హెల్మ్ హెర్బర్‌హోల్జ్ దగ్గర ఆక్వాటింట్ మెళకువలు నేర్చుకున్నాడు. రెండు, పాతవాళ్ల పని వెతుక్కుంటూ వెళ్లాడు, అందులో మొదటి పేరు స్పెయిన్‌కి చెందిన గోయా. నెపోలియన్ సైన్యం స్పెయిన్‌లో చేసిన ఘోరాల మీద గోయా 1810 నుంచి 1820 దాకా చేసిన ప్రింట్ల వరుస ఆయన బతికుండగా బయటికి రానేలేదు, చనిపోయిన 35 ఏళ్లకి, 1863లో అచ్చయింది. యుద్ధాన్ని సేనాపతి గుర్రం మీంచి కాకుండా శవం పక్కన నిలబడి చూడటం, దానికి ఎచింగ్‌నీ ఆక్వాటింట్‌నీ కలిపి వాడటం డిక్స్‌కి అక్కడినుంచే వచ్చాయి. ఇటలీ వెళ్లినప్పుడు పలెర్మోలోని భూగర్భ సమాధుల్లో ఎండిపోయిన శవాలని కూడా చూసి బొమ్మలు వేసుకున్నాడు. చర్మం ఎముకని ఎలా అంటిపెట్టుకుంటుందో, ఎక్కడ వదిలేస్తుందో దగ్గరగా చూసిన కళ్లు అవి.

గోయాకి ముందు ఆక్వాటింట్ చేసిన పని చాలా సౌమ్యమైనది. 1760ల చివర్లో ఫ్రాన్స్‌లో జాన్ బాప్టిస్ట్ ల ప్రాన్స్ ఈ పద్ధతిని స్థిరపరిచాక, దాన్ని ఎక్కువగా వాడింది వాటర్‌కలర్ బొమ్మలకి నకళ్లు తీయడానికే. జర్మనీలో కూడా అంతే. న్యూరెంబర్గ్‌లో పుట్టిన మరియా కథరీనా ప్రెస్టెల్ అనే ఆమె 1770, 80లలో పాత చిత్రకారుల డ్రాయింగుల్ని ఆక్వాటింట్‌లో దించుతుంటే, సిరా మరక దగ్గర్నుంచీ కాగితం రంగు దాకా అసలుదా నకలుదా అనిపించేది. భర్త కూడా అదే పని చేసేవాడు. 1786లో ఆమె లండన్ వెళ్లి సొంతంగా బతికింది, 1794లో అక్కడే పోయింది. ఆమె గురించి ఇంకా చాలా రావాలి, రాలేదు. మన దేశానికి సంబంధించిన ఉదాహరణ కావాలంటే, థామస్ డేనియల్, ఆయన సోదరుడి కొడుకు విలియం కలిసి 1795, 1808 మధ్య అచ్చువేసిన 144 ఆక్వాటింట్లున్నాయి. మన గుళ్లూ కోటలూ నదులూ అందులో ఉన్నాయి. యూరప్ వాళ్ల ఊహలో భారతదేశం మీద ఎప్పుడూ పరుచుకుని ఉండే ఆ మెత్తటి బంగారు ఆకాశం ఈ రోజిన్ పొడి చలవే.

డిక్స్ చేసిందేమిటంటే, ఆకాశాలకి వాడుతున్న ఆ మెత్తదనాన్నే తీసుకెళ్లి విషపు గాలికి వాడాడు. పైగా పద్ధతిలో 'తప్పు' అనుకునేవాటిని కావాలనే జరగనిచ్చాడు. మామూలుగా యాసిడ్ వార్నిష్ కిందికి దూరి, అక్కర్లేనిచోట కొరికితే ప్రింట్ చేసేవాళ్లకి టెన్షన్, రేకు పాడైపోయినట్టు లెక్క. ఈ వరుసలోని ప్రింట్లలో అలాంటి మచ్చలు, పొక్కులు, అంచులు తినేసిన చోట్లు చాలా కనిపిస్తాయి. శవాల చర్మం మీద, పేలుడు గుంతల నేల మీద అవి కుళ్లులా కనిపిస్తాయి. కుళ్లిన చర్మాన్ని బొమ్మగా గీయడం ఒక ఎత్తు, లోహాన్నే ఆ స్థితికి తీసుకురావడం ఇంకో ఎత్తు.

'దాడి దళం' ప్రింట్ ఒంటరిది కాదు. 'డేర్ క్రీగ్', అంటే 'యుద్ధం' అనే పేరుతో వచ్చిన 50 ప్రింట్ల వరుసలో ఇది పన్నెండోది. పదేసి ప్రింట్ల చొప్పున ఐదు ఫోల్డర్లు. బెర్లిన్‌లో కార్ల్ నీరెన్‌డోర్ఫ్ ప్రచురించాడు, ఒట్టో ఫెల్సింగ్ ముద్రణశాలలో 70 సెట్లు అచ్చయ్యాయి. యుద్ధం మొదలై పదేళ్లయిన సందర్భం అది, జర్మనీలో 'మళ్లీ యుద్ధం వద్దు' అనేవాళ్లూ, ఓటమికి పగ తీర్చుకోవాలనేవాళ్లూ వీధుల్లో ఎదురెదురుగా ఉన్న రోజులు. సెట్లు కొనలేనివాళ్ల కోసం అందులోంచి 24 బొమ్మలతో చవక పుస్తకం ఒకటి వేశారు, దానికి ముందుమాట రాసింది ఫ్రెంచి రచయిత ఆంరీ బార్బుస్. నిన్నటిదాకా శత్రువైన దేశపు మాజీ సైనికుడు ఒక జర్మన్ సైనికుడి బొమ్మలకి ముందుమాట రాయడం 1924లో చిన్న విషయం కాదు.

వరుసలో మూడో ప్రింట్‌నీ ఈ పన్నెండోదాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. మూడోది వాయువుతో చనిపోయినవాళ్లది, టాంప్లూ-లా-ఫోస్, 1916 ఆగస్టు అని చోటూ నెలా కూడా రాశాడు. అక్కడ మనుషులు పడి ఉన్నారు, చూసేవాడు నిలబడి ఉన్నాడు. ఇక్కడ మనుషులు లేచి వస్తున్నారు, చూసేవాడు ఇరుక్కుపోయాడు. ఎందుకంటే, దాడి దళం ఎటువైపు వస్తోంది? మనవైపు. యూనిఫారాలు, పిడి గ్రెనేడ్లు, పేరులో ఉన్న స్టుర్మ్‌ట్రుప్పే అన్న మాట, అన్నీ జర్మన్ సైన్యానివే. చిన్న చిన్న గుంపులుగా, వాయువు గుండ్లు పడ్డ వెంటనే ఆ పొగలోనే శత్రువు కందకంలోకి దూకడం ఆ దళాల పద్ధతి. అంటే ఈ బొమ్మ చూస్తున్నవాడు నిలబడ్డ చోటు శత్రువు కందకం. జర్మన్ మెషిన్ గన్ దళంలో మూడేళ్లు పోరాడినవాడు, జర్మన్ ప్రేక్షకుల కోసం, తన సైన్యం ఎదుటివాడికి ఎలా కనిపించి ఉంటుందో గీశాడు. ఈ వరుసలో ఇంతకన్నా ఘోరమైన దృశ్యాలు చాలా ఉన్నాయి, పురుగులు పట్టిన పుర్రె ఉంది, శవం పక్కనే కూర్చుని డబ్బాలో తిండి తింటున్న సైనికుడున్నాడు. అయినా మనిషిగా చేయడానికి చాలా ధైర్యం కావాల్సిన బొమ్మ ఈ పన్నెండోదే. తనవాళ్లు అనుభవించిన బాధని చూపించడం కష్టమే, తనవాళ్లు కలిగించిన భయాన్ని చూపించడం అంతకన్నా కష్టం.

డిక్స్ యుద్ధాన్ని వ్యతిరేకించాడా లేక కళ్లు తిప్పుకోకుండా నమోదు చేశాడా అన్న చర్చ చాలాకాలంగా ఉంది. ముందు ఉత్సాహంగానే వెళ్లాడు, సంచిలో జర్మన్ తత్వవేత్త నీషే పుస్తకమూ బైబిలూ పెట్టుకుని వెళ్లాడు, తర్వాత కూడా తాను ప్రచారం కోసం బొమ్మలు వేయలేదనే ధోరణిలోనే మాట్లాడాడు. నిజానికి ఈ ప్రింట్‌లో ఎక్కడా ఉపదేశం లేదు, ఏడుస్తున్న తల్లి లేదు, విరిగిన శిలువ లేదు, కింద నీతివాక్యం లేదు. అందుకే నమ్మబుద్ధేస్తుంది. 1924లో దీన్ని చూసి రగిలిపోయిన జాతీయవాదులకి మాత్రం అనుమానమేమీ రాలేదు, తమ వీరుల్ని పుర్రెలుగా చూపించాడని వాళ్లకి వెంటనే అర్థమైంది.

ఇక ఈ ప్రింట్ చిన్నదవడం, ఒకటికి మించి కాపీలుండటం ఎంత అదృష్టమో తెలియాలంటే డిక్స్ వేసిన ఒక పెద్ద పెయింటింగ్‌కి ఏం జరిగిందో చూడాలి. 1920 నుంచి 1923 దాకా కష్టపడి 'కందకం' అనే పెయింటింగ్ వేశాడు. రెండు మీటర్లకు పైగా ఉన్న బొమ్మ, బాంబు దాడి తర్వాత తెల్లారినప్పుడు ఒక కందకంలో ఏం మిగిలిందో చూపించేది. కొలోన్‌లోని వాల్రాఫ్ రిషార్ట్స్ మ్యూజియం కొంది. అంత ఘోరంగా ఉందని దాని ముందు తెర కట్టారు, చూడాలనుకున్నవాళ్లు తెర తీసుకుని చూడాలి. పత్రికల్లో పెద్ద గొడవైంది. అప్పటి కొలోన్ మేయర్ కొన్రాడ్ అడెనావర్, తర్వాత పశ్చిమ జర్మనీకి మొదటి చాన్సలర్ అయినవాడు, ఆయన హయాంలోనే కొనుగోలు రద్దయి పెయింటింగ్ వెనక్కి పోయింది. తర్వాత డ్రెస్డెన్ చేరింది. 1933లో నాజీలు అధికారంలోకి రాగానే డ్రెస్డెన్ అకాడమీలో ప్రొఫెసర్ ఉద్యోగం నుంచి డిక్స్‌ని తీసేశారు. జర్మన్ మ్యూజియంల నుంచి ఆయన పనులు సుమారు 260 జప్తు చేశారు. 1937లో మ్యూనిక్‌లో 'చెడిపోయిన కళ' పేరుతో పెట్టిన ఎగ్జిబిషన్‌లో, జనం వెక్కిరించడానికని, 'కందకం'ని వేలాడదీశారు. ఆ తర్వాత అది ఏమైందో తేలలేదు. ఇప్పుడు మిగిలినవి నలుపుతెలుపు ఫొటోలు.

ప్రింట్లని కూడా వదల్లేదు, జర్మన్ మ్యూజియంలలో ఉన్నవాటిని తీసేశారు. కానీ 70 సెట్లు, ఒక్కోదాంట్లో 50 కాగితాలు, అప్పటికే ఇళ్లలోకి, ఇతర దేశాల్లోకి, సొరుగుల్లోకి చెదిరిపోయి ఉన్నాయి. న్యూయార్క్‌లో ఉన్న సెట్ ఆబీ ఆల్డ్రిచ్ రాక్‌ఫెల్లర్ అనే ఆమె మ్యూజియంకి ఇచ్చిన బహుమతి. ఇంకో పూర్తి సెట్ ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీలో ఉంది. ఒక ప్రభుత్వం తలుచుకుంటే ఒక పెయింటింగ్‌ని మాయం చేయగలదు, ఇన్ని సొరుగులు వెతకడం దాని వల్ల కాలేదు. డిక్స్ ఉద్యోగం పోయాక కాన్స్టన్స్ సరస్సు ఒడ్డుకి వెళ్లి కొండలూ చెట్లూ గీసుకుంటూ గడిపాడు. 1945లో, 53 ఏళ్ల వయసులో, మళ్లీ బలవంతంగా యూనిఫారం తొడిగించారు, ఫ్రెంచి వాళ్లకి యుద్ధఖైదీగా చిక్కాడు. 1969లో చనిపోయాడు.

ఈ ప్రింట్ ఏ మ్యూజియంలో ఉన్నా రోజూ గోడమీద ఉండదు, ఆ సంగతి తెలియక వెళ్లి నిరాశపడేవాళ్లు చాలామంది. కాగితం మీది పనులకి వెలుతురే శత్రువు. సాధారణంగా 50 లక్స్‌కి మించని మసక వెలుతురులో, కొన్ని నెలలు మాత్రమే పెట్టి, తిరిగి చీకటి పెట్టెల్లోకి పంపేస్తారు. పెద్ద మ్యూజియంలలో ప్రింట్ల కోసం ప్రత్యేకంగా ఒక గది ఉంటుంది, ముందే రాసి అపాయింట్‌మెంట్ తీసుకుంటే పెట్టె తీసి బల్ల మీద పెడతారు. అలా చూడటం గోడమీద చూడటానికి ఏమాత్రం పోలిక లేనిది. కాగితం అంచుల దగ్గర రేకు నొక్కుకున్న గుర్తు చిన్న మెట్టులా కనపడుతుంది, మొహం దగ్గరగా పెడితే నల్లటి సిరా కాగితం పైకి లేచి ఉన్నట్టు తెలుస్తుంది. గోడమీద ఆరడుగుల దూరంలో ఉంటే ఆ ఐదుగురూ బొమ్మ. ఒడిలో పుస్తకంలా, జానెడు దూరంలో ఉంటే వాళ్లు ఎదురుగా ఉన్నట్టే. ఫోల్డర్‌లో పెట్టుకుని చేతుల్లోకి తీసుకుని చూడటానికి తగ్గ సైజు ఇది. పెద్ద పెయింటింగ్ ముందు నలుగురితో కలిసి నిలబడొచ్చు, దీని ముందు ఒక్కరికే చోటు.

మ్యూజియం సైట్లలో ఇప్పుడు బాగా పెద్దది చేసి చూసే వీలుంది, అదీ తక్కువేం కాదు. బూడిద రంగు ఉన్నచోట జూమ్ చేస్తూ పోండి. ఒక దశలో పొర విడిపోయి, సన్నటి నల్లటి వల, దాని కన్నుల్లో క్రమం లేని తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఆ తెల్లటి చుక్క ఒక్కొక్కటీ ఒక రోజిన్ రేణువు కరిగి నిలబడ్డ చోటు, నల్లటి వల యాసిడ్ దారి. పేపర్లో పుస్తకంలో అచ్చయిన ఫొటోలోనైతే చుక్కలు వరసల్లో, లెక్కగా ఉంటాయి. ఎవరైనా పాత 'ఆక్వాటింట్' అంటూ ఏదైనా అమ్మజూపితే భూతద్దంతో మొదట చూడాల్సింది ఇదే. చుక్కలు బుద్ధిగా వరసకట్టి ఉంటే అది ఫొటో నకలు.

తెలుగువాళ్లకి ఈ పద్ధతి దూరపుది కూడా కాదు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్, హైదరాబాద్‌లోనూ బరోడాలోనూ చదువుకుని, ఎచింగ్, ఆక్వాటింట్‌లలో చేసిన నలుపుతెలుపు పనులు దేశంలో ప్రింట్‌మేకింగ్ గురించి మాట్లాడితే తప్పకుండా తలుచుకోవాల్సినవి. మేకలు, చెట్లు, పల్లె ఆడామగా, వాళ్ల మధ్య కోరిక, వాటి వెనక ఆ గరుకు బూడిద రంగు. డిక్స్ చేతిలో అదే గరుకుదనం విషం. లక్ష్మాగౌడ్ చేతిలో అది తెలంగాణ మట్టి, ఒంటి వెచ్చదనం. హైదరాబాద్‌లో ఆయన ప్రింట్ ఎక్కడైనా కనపడితే నీడ ఉన్నచోట దగ్గరగా చూడండి, ఆ వల, ఆ తెల్లటి చుక్కలు అక్కడా ఉంటాయి. ఒక పద్ధతికి సొంత స్వభావం అంటూ ఉంటుందా, చేసేవాడు చెప్పిందే అది వింటుందా అన్న ప్రశ్నకి ఈ ఇద్దరి పనీ పక్కపక్కన పెట్టి చూడటం కంటే మంచి మొదలు లేదు.

డిక్స్ ప్రింట్ల పూర్తి సెట్ ఒకటి ఫ్రాన్స్‌లో సోమ్ నది ఒడ్డున ఉన్న పెరోన్ అనే చిన్న ఊళ్లో, మొదటి ప్రపంచ యుద్ధం మ్యూజియంలో ఉంది. వరుసలో ఆరో ప్రింట్ గాయపడ్డ ఒక సైనికుడిది, కళ్లు పెద్దవి చేసి, ఒళ్లు మెలితిరిగి పడి ఉంటాడు, కింద 1916 శరత్కాలం, బపోమ్ అని ఉంటుంది. పెరోన్ నుంచి బపోమ్ ఇరవై కిలోమీటర్లు పైచిలుకు, కార్లో అరగంట, దారికి రెండు పక్కలా ఇప్పుడు పొలాలు.